డెబ్బై రెండు పొరల ఎముక

మేడ మెట్ల మీద పద్మశ్రీ దిగుతుంటే చూడనక్కర్లేదు, వింటే చాలు. కుడికాలు టక్కుమంటుంది. కాస్త ఆగి ఎడమకాలు దబ్బుమంటుంది. టక్కు, దబ్బు. టక్కు, దబ్బు. కింద వరండాలో బల్ల దగ్గర కూర్చున్న సుందరరావు తలెత్తకుండానే రెండో గ్లాసులో టీ పోసేవాడు.

ఆ దబ్బుమనే చెప్పు ఆయన చేసిందే. పద్మశ్రీ ఎడమకాలు కుడికాలి కన్నా ఐదు సెంటీమీటర్లు పొట్టి. అంతకుముందు ఎక్కడో కట్టించుకున్న ఎత్తు చెప్పు ఇటుకంత బరువుండేది. సుందరరావు తేలిక చెక్కని పలచగా కోసి, ఐదు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి, అడుగున రబ్బరు వేసి ఇచ్చాడు. ఆ పిల్ల తొడుక్కుని వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగుసార్లు తిరిగి, "సార్, గిప్పుడు భూమి సక్కగున్నది" అంది. ఆ మాట సుందరరావుకి చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆయన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్లు ప్యాటర్న్ షాపు చూశాడు. ఇనుముతో ఏ వస్తువు పోత పోయాలన్నా ముందు దాన్ని కట్టెతో చెక్కాలి. ఆ కట్టె నమూనాని ఇసకలో ఒత్తితే పడే గుంటలోనే ఇనుము పోస్తారు. నమూనాలో వెంట్రుకవాసి తప్పుంటే ఇనుములోనూ ఉంటుంది. అందుకే సుందరరావు రిటైరయిన రోజు ప్రిన్సిపాలు దండ వేస్తూ, "ఈయన చేతిలో తప్పు పోదు" అన్నాడు. ఆయన భార్య శ్యామలాంబ ముందు వరుసలో కూర్చుని, "ఇంట్లో మాత్రం ఉప్పు డబ్బా మూత ఏనాడూ సరిగ్గా పెట్టలేదు" అని పక్కావిడతో చెప్పింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఉప్పు డబ్బా మూత ఇప్పుడు సరిగ్గానే ఉంటోంది.

తార్నాకలో ఆ ఇల్లు ఆయనా ఆవిడా కలిసి కట్టుకున్నదే. మేడ మీది గదిలోకి పద్మశ్రీ వచ్చింది హాస్టల్లో మూడంతస్తుల మెట్లు ఎక్కలేక. ఆమెది జనగామ దగ్గర పల్లె. క్యాంపస్‌లో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆయనది తెనాలి పక్క ఊరు. అది రెండువేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, కరెంటు వచ్చినప్పుడు ఉన్నట్టు.

"ఏమ్మా పద్మశ్రీ, ఇవాళ మీవాళ్లు ఏం మూయించారు?" అని అడిగేవాడు పొద్దున్నే.

"అన్నీ మూయించినం సార్. మీ నోరొక్కటే మిగిలింది."

"నా నోరు మూయించడం మా ఆవిడ వల్లే కాలేదు" అనేవాడు. ఆ పిల్ల పకపకా నవ్వేది. టీ గ్లాసు పట్టుకుని ఒకరు ఆంధ్రా, ఒకరు తెలంగాణ అని వాదించుకుని, గ్లాసు ఖాళీ అయ్యాక ఆమె ర్యాలీకీ, ఆయన కూరలకీ బయల్దేరేవారు.

ఈమధ్య ఆ టక్కు దబ్బుల మధ్య ఎడం పెరిగింది. మెట్ల మధ్యలో ఆగి నిలబడుతోంది. సుందరరావు విన్నాడు గానీ అడగలేదు. ఒకరోజు ఆమే చెప్పింది, తొడ సంధి దగ్గర రంపంతో కోస్తున్నట్టుందనీ, ఇద్దరు డాక్టర్లు చూసి ముట్టుకోకపోవడమే మంచిదన్నారనీ, ముషీరాబాద్ వైపు ఒక ఆసుపత్రిలో ఉమాపతి అనే మూడో ఆయన ఉన్నాడనీ.

"గీయన గూడ కాదంటే ఇంక ఎవ్వర్ని అడగ సార్. గిట్లనే నడుస్తా, నడిచినంత కాలం."

సుందరరావు స్కూటర్ తీశాడు.

డాక్టర్ ఉమాపతి నలభై ఏళ్ల బక్కపలచని మనిషి. ఎక్స్‌రేని దీపం పెట్టె మీద తగిలించి, కుడి పిడికిలిని ఎడమ అరచేతి గుంటలో పెట్టి చూపించాడు. "తొడ ఎముక మీద బంతి ఉంటుంది. నడుము ఎముకలో గిన్నె ఉంటుంది. బంతి గిన్నెలో తిరగాలి. ఈ అమ్మాయికి పుట్టినప్పుడే బంతి గిన్నెలో లేదు. చంటిపిల్లగా ఉన్నప్పుడు కనిపెడితే ఒక పట్టీ కట్టి సరిచేసేవాళ్లు. ఎవరూ చూడలేదు. బంతి మెల్లమెల్లగా పైకి జారి, ఇదుగో, నడుము ఎముక పక్కన ఆనుకుని కూర్చుంది."

"కృత్రిమ కీలు వేస్తారు కదా ఇప్పుడు?" అన్నాడు సుందరరావు.

"వేస్తాం. వేసే చోటు సరిగ్గా ఉంటే." డాక్టర్ పెన్నుతో గీశాడు. "కొత్త బంతికి ఒక లోహపు కాడ ఉంటుంది. దాన్ని ఎముక లోపలి గొట్టంలోకి దించాలి. మామూలు మనిషి ఎముకలో ఆ గొట్టం పైన గరాటులా వెడల్పుగా ఉండి కిందికి సన్నబడుతుంది. ఈమెది పైనుంచి కిందిదాకా సన్నగా, తిన్నగా, పెన్సిలంత. పైగా ఎముక మెడ ముందుకి మెలిపడి ఉంది. పక్కనుండే గుబ్బ వెనక్కి పోయింది. మామూలు కాడ దించితే ఎముక చీలిపోతుంది."

పద్మశ్రీ చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"సన్నకాడల సెట్టు ఒకటి ముంబై నుంచి తెప్పించాను. వచ్చే వారం శనివారం మధ్యాహ్నం దాకా నా దగ్గరుంటుంది. సరిపోయేదేదో తేల్చి ఉంచేసుకోవాలి, మిగతావి వెళ్లిపోతాయి. ఈ బంద్‌ల మధ్య మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేను. ఎముక ఆకారం చేతిలో పట్టుకుని చూస్తే గానీ నాకు ధైర్యం చాలదు. విదేశాల్లో స్కాను చూసి మిషన్‌తో నమూనా చేసేస్తారట. మనకి ఇక్కడ..." అని చేతులు తిప్పాడు.

"కట్టెతో చేస్తే పనికొస్తుందా?" అన్నాడు సుందరరావు.

డాక్టర్ ఆయన వంక మొదటిసారి సరిగ్గా చూశాడు.

"మా సార్ యూనివర్సిటీల గదే పని చేసిండు సార్," అంది పద్మశ్రీ. "ఆయన చేతిల తప్పు పోదు. నా చెప్పునడుగుండ్రి."

సీటీ స్కాను ఫిల్ములు పెద్ద కవరులో ఇంటికొచ్చాయి. తొడని మూడేసి మిల్లీమీటర్లకి ఒకచోట అడ్డంగా కోసి చూసినట్టుండే బొమ్మలు. ఒక్కోటి అగ్గిపెట్టె బొమ్మంత. పైభాగానికి అరవై, మోకాలు దగ్గర పన్నెండు. ఎముక ఎంత మెలిపడిందో తెలియాలంటే మోకాలితో పోల్చి చూడాలి మరి. ఎడమకాలు ఏదో తికమక లేకుండా డాక్టరే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చాడు.

పద్ధతి సుందరరావుకి స్కూటర్ మీద వస్తూనే తట్టింది. ప్రతి బొమ్మనీ అసలు కొలతకి పెంచి బటర్ పేపర్ మీద గీయాలి. దాన్ని కార్బన్‌తో మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీదికి దించాలి. సన్నరంపంతో కోయాలి. మధ్యలో గొట్టానికి కన్నం తొలవాలి. డెబ్బై రెండు పలకలు వరసగా అతికించి, మోకాలు ముక్కకీ పై ముక్కకీ నడుమ ఒక టేకు కర్ర వేసి, మెట్లుమెట్లుగా ఉన్న అంచుల్ని ఆకురాయితో, ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. బటర్ పేపర్ చుట్ట శ్యామలాంబ కుట్టుపెట్టెలో దొరికింది. ఆవిడ జాకెట్ల మీద నెమళ్లు కుట్టేది. నాలుగేళ్లుగా తెరవని పెట్టె. తెరిస్తే కర్పూరం వాసనా, సగం కుట్టిన ఒక రెక్కా. ఆయన ఆ రెక్కని మడతపెట్టి పైన పెట్టి, చుట్ట తీసుకున్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది, అందులో ఆరు బొమ్మల్ని పెంచి గీయడానికే. కరెంటు పోయినా సన్నరంపానికి కరెంటుతో పనిలేదు. పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటే వీధిలో జై తెలంగాణ నినాదాలు చౌరస్తా వైపు వెళ్లేవి, మధ్యాహ్నం గొంతు బొంగురుపోయి తిరిగొచ్చేవి. ఆయన రంపం ఆ లయకి ఎప్పుడు అలవాటు పడిందో తెలీదు. గురువారం సాయంత్రానికి ఎముక తయారైంది. ఎక్స్‌రే పక్కన పెట్టి చూశాడు. అచ్చం అదే. చిన్న బంతి, పొట్టి మెడ, పెన్సిల్ పట్టేంత గొట్టం. కాలిపరు పెట్టి కొలిచాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. పాత దండ మళ్లీ మెడలో పడ్డట్టయింది.

ఆ సాయంత్రమే పద్మశ్రీ తల్లి అమృతమ్మ ఊరి నుంచి వచ్చింది. రైల్లో మౌలాలి దాకా వచ్చి, బస్సుల్లేక అక్కడినుంచి నడిచింది. నెత్తిన తంగేడు పూల మూట, చంకలో సంచి. బతుకమ్మ రోజులు కదా, బిడ్డకి పూలు లేకపోతే ఎట్లా అని. నీళ్లు తాగి కూర్చోగానే పద్మశ్రీ ఎముకని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది.

"అమ్మా, సార్ చేసిండు. నా తొడ బొక్క."

అమృతమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. కూతుర్ని నిలబడమని, బంతి లోపలివైపు ఉండేట్టు ఆమె ఎడమ తొడకి ఆనించింది. అరచేత్తో నిమిరింది. మొదట కట్టెని, తర్వాత కూతురి తొడని, మళ్లీ కట్టెని. మొహం చిన్నబుచ్చుకుంది.

"సారూ, ఏమనుకోకుండ్రి. గిది నా బిడ్డది కాదు."

"ఎందుకు కాదండీ? స్కాను చూసే చేశాను."

"నేను సదువుకోలె. గని గీ కాలికి పాతికేండ్ల సంది నూనె రాస్తున్న. గీ గుబ్బ ఎనకకుంటది. మీది ముందటికి ఉన్నది. గీ మోకాలు కాడ రెండు మడిమెల లెక్క ఉన్నయి సూడుండ్రి, గవి ఎనకకుండాలె. ముందటుంటే బిడ్డ మోకాలు ఎట్ల మడుస్తది?"

సుందరరావుకి చెవులు వేడెక్కాయి. "అమృతమ్మగారూ, ముప్ఫై నాలుగేళ్లు ఇదే పని చేశానండీ. వెంట్రుకవాసి తేడా లేదు. కావాలంటే ఎక్స్‌రే చూడండి, అచ్చంగా..."

"గారు ఎందుకు సారూ," అందామె ఇబ్బందిగా. "నా చెయ్యే తప్పేమో."

అంతే. ఆమె ఎముకని బల్ల మీద మెల్లగా, నిద్రపోతున్న పిల్లని పడుకోబెట్టినట్టు పెట్టి, పూల మూట విప్పుకోవడానికి వెళ్లింది. వాదించి ఉంటే సుందరరావు గెలిచేవాడు. వాదించలేదు కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది.

ఆయన ఎక్స్‌రేని కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. ఎక్స్‌రే అంటే నీడ. నీడకి ముందూ వెనకా ఉండదు. మనిషి మొహం ఇటు పెట్టినా అటు పెట్టినా గోడ మీద నీడ ఒకటే. తన ఎముక వెనకవైపు ఎక్స్‌రేతో సరిపోతే, ముందువైపు సరిపోయిందనుకుని మురిసిపోయాడా ఏమిటి?

డాక్టర్‌కి ఫోన్ చేశాడు. "సార్, ఒక చిన్న సందేహం. స్కానులో ఈ అడ్డకోత బొమ్మలు... పైనుంచి చూసినవే కదా?"

"కాదండీ. కింది నుంచి. మంచం మీద పేషెంటు వెల్లకిలా పడుకుంటే, మేం కాళ్ల దగ్గర నిలబడి చూస్తాం. ఎప్పుడూ అంతే. ఎందుకూ?"

సుందరరావు బల్ల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పనిలో ప్లాను అంటే పైనుంచి చూసిందే. వస్తువుని బల్ల మీద పెట్టి, మీద నిలబడి కిందికి చూడటం. ముప్ఫై నాలుగేళ్లు వందలమంది పిల్లలకి అదే నేర్పాడు. ఇంకో చోటు నుంచి చూసేవాళ్లు లోకంలో ఉంటారనే తోచలేదు. డెబ్బై రెండు పలకలూ కొలతకి సరిగ్గానే ఉన్నాయి. అన్నీ అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉన్నాయి. అద్దంలోని ఎముక. పద్మశ్రీది ఎడమకాలైతే, ఆయన ఎంతో ప్రేమగా ఒక కుడికాలు చెక్కాడు, ఈ భూమ్మీద ఎవరికీ లేని కుడికాలు.

డాక్టర్‌కి నిజం చెప్పాడు.

"శనివారం మధ్యాహ్నం దాకా టైముంది," అన్నాడు ఉమాపతి. "లేకపోతే కాడలు వెనక్కి పంపేస్తాను. ఊహించి మాత్రం నేను చెయ్యను సుందరరావు గారూ."

పద్మశ్రీ గుమ్మంలో నిలబడి అంతా వింది. చున్నీ కొస మళ్లీ వేలికి చుట్టుకుంది. "పోనీ సార్," అంది. "మీరు చేసిన చెప్పు ఉన్నది గదా." నవ్వబోయింది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ సగం నవ్వు చూడటం సుందరరావు వల్ల కాలేదు. తల తిప్పుకున్నాడు. తిప్పుకుంటే శ్యామలాంబ కుట్టుపెట్టె కనిపించింది, పైన ఆ సగం రెక్క. జాకెట్టు వీపు మీద ఆవిడ ఎప్పుడూ రెండు నెమళ్లు కుట్టేది, ఒకదాని మొహం ఒకటి చూసుకునేట్టు. రెండోది మళ్లీ గీసేది కాదు. బటర్ పేపర్ని బోర్లించేది. "రెండో నెమలి ఊరికే వస్తుందండీ," అనేది.

సుందరరావు ఒక్క ఉదుటున లేచి ఫైలు తెరిచాడు. డెబ్బై రెండు బటర్ పేపర్లు, అంకెలు వేసి, వరసగా. పని పూర్తయిందని ఎవరైనా సంతకం పెట్టేదాకా ఒక్క కాగితం పారెయ్యకూడదని ప్యాటర్న్ షాపు నియమం. ఒక కాగితం తీసి బోర్లించి వెలుతురుకి పట్టాడు. గీత అటునుంచీ అంతే స్పష్టంగా ఉంది. వరస అదే, కాగితం మాత్రం బోర్లా.

"పద్మశ్రీ! రేపు ర్యాలీ ఉందా?"

"ఉన్నది సార్. ఆర్ట్స్ కాలేజ్ కాడ."

"నువ్వు లేకుండా తెలంగాణ ఒకరోజు ఆగుతుందేమో కనుక్కో."

ఈసారి నవ్వు పూర్తిగా వచ్చింది. "యాభై ఏండ్ల సంది ఆగింది సార్. ఒక్కరోజు ఆగదా?"

శుక్రవారం తెల్లవారేసరికి ముగ్గురూ వరండాలో ఉన్నారు. పద్మశ్రీ కుర్చీలో కూర్చుని కాగితాలు బోర్లించి ప్లైవుడ్ మీదికి గీతలు దించింది. సుందరరావు కోశాడు, కన్నాలు తొలిచాడు. కోసిన పలకల్ని జిగురు పూసి పేర్చే పని ఎవరిదా అని చూస్తే, అమృతమ్మ అప్పటికే కొంగు దోపుకుని కింద కూర్చుంది.

"గిది నాకిడువుండ్రి సారూ. బతుకమ్మ పేర్చేది నేనే మా వాడల."

పేర్చడం చూసి సుందరరావు రంపం ఆపేశాడు. ఒక పలక పెట్టి, చుట్టూ వేలితో నిమిరి, కింది దానికన్నా ఎటు ఒరిగిందో చూసుకుని, మళ్లీ పలక. నమూనాకి నడుమ ఒక సూది గుచ్చి వరస చూసుకోవడం ఆయన పద్ధతి. ఆమెకి సూది అక్కర్లేకపోయింది. తంగేడు వరస మీద గునుగు వరస పెట్టే చేతులవి. ముప్ఫై ఒకటో పలక దగ్గర ఆగింది.

"గిది తిరగబడ్డది."

పద్మశ్రీ కాగితం చూసుకుని నాలుక కరుచుకుంది. బోర్లించడం మర్చిపోయింది.

"ఏం అమ్మాయ్," అన్నాడు సుందరరావు, ఎంతో తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "నువ్వు కూడా ఆంధ్రా వాళ్ల లాగా పైనుంచి చూస్తున్నావేం?"

"మీ సోపతి సార్!"

మధ్యాహ్నం అమృతమ్మ సర్వపిండి చేసింది. సుందరరావు అంచులు కరకరలాడుతుంటే రెండు తిని మూడోదానికి చెయ్యి చాపి, మొహమాటపడి వెనక్కి తీసుకున్నాడు. మూడోది దానంతటదే కంచంలో పడింది. నాలుగేళ్లలో ఆ వంటింట్లోంచి ఆయన అడగకుండా కంచంలోకి ఏదైనా వచ్చి పడటం అదే మొదటిసారి. ఆయన తల వంచుకుని తిన్నాడు.

పొద్దు గుంకే లోపల డెబ్బై రెండో పలక పడింది. అమృతమ్మే ఉప్పుకాగితం పెట్టి నునుపు చేసింది. చివర్లో కూతుర్ని నిలబెట్టి, ఎముకని తొడకి ఆనించి, కళ్లు మూసుకుని నిమిరింది. మొదట కట్టె, తర్వాత తొడ.

"ఆఁ," అంది. "గిది నా బిడ్డ."

శనివారం పొద్దున్నే ఎముకని తువ్వాల్లో చుట్టి, పద్మశ్రీ ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చుంది. క్యాంపస్ రోడ్డు మీద పోలీసులు అడ్డంగా కంచె పెట్టి ఉన్నారు. ఒక కానిస్టేబుల్ లాఠీతో ఆగమన్నాడు. ముందు ముసలాయన, వెనక క్యాంపస్ పిల్ల, ఒళ్లో మూరెడు పొడుగు మూట.

"ఏందది? కట్టెనా?"

"కట్టె కాదు బాబూ," అన్నాడు సుందరరావు తడబడి. "అంటే కట్టే. తొడ ఎముక."

కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "తొడ బొక్కనా? ఎవరిది?"

"నాది," అంది పద్మశ్రీ.

కానిస్టేబుల్ ఆమె మొహం చూశాడు. మూట చూశాడు. స్కూటర్ మీద వేలాడుతున్న రెండు కాళ్లూ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తువ్వాలు కొస ఎత్తి లోపలికి తొంగిచూసి, గబుక్కున వదిలేశాడు.

"పోండ్రి, పోండ్రి," అని కంచె తనే జరిపాడు.

ఆసుపత్రిలో ఉమాపతి ఎముకని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలు కాడ తీసి గొట్టంలో పెట్టాడు. రెండంగుళాలు దిగి బిగుసుకుపోయింది. ఇంకొకటి. అదీ అంతే. పద్మశ్రీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ముంబై పెట్టెలోంచి పెన్సిలంత సన్నగా, తిన్నగా ఉన్న కాడ తీశాడు. అది మెల్లగా, ఒరలోకి కత్తి దిగినట్టు దిగి, చివరిదాకా వెళ్లి నిలబడింది. ఎముకని తలకిందులు చేసి విదిలించాడు. రాలేదు.

తర్వాత ఆయన డ్రాయర్‌లోంచి రంపం తీశాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారు?" అన్నాడు సుందరరావు, తన తొడ మీదే రంపం పెట్టినట్టు.

"ఇదే చెయ్యబోతున్నానండీ లోపల కూడా. బంతి ఏడు సెంటీమీటర్లు కిందికి దిగి గిన్నెలోకి రావాలి. ఈ ఎముకేమో రెండో కాలి ఎముక కన్నా రెండు సెంటీమీటర్లు పొడుగు. ఒక్కసారిగా లాగితే కాలి నరం సాగి దెబ్బతింటుంది. అందుకని నడుమ రెండు సెంటీమీటర్ల ఉంగరం తీసేస్తాను, కాళ్లూ సమమవుతాయి." రంపం అమృతమ్మ నునుపు చేసిన పొరల్లోంచి కరకరా దిగింది. ఏడు పొరల ఉంగరం ఒకటి ఊడి బల్ల మీద దొర్లింది. పై ముక్కని కింది ముక్క మీద పెట్టి, మెలి విప్పుతున్నట్టు మెల్లగా తిప్పాడు. ముందుకి పోయిన బంతి లోపలికి చూసింది. వెనక్కి పోయిన గుబ్బ పక్కకి వచ్చింది. రెండు ముక్కల్లోంచీ కాడ దించాడు. నిలబడింది.

"మొదటిదే తెచ్చి ఉంటే," అన్నాడు ఉమాపతి, "మెలి ఏ పక్కకి విప్పాలో నేనే తికమకపడేవాణ్ణి. గమనించేవాణ్ణే అనుకోండి. కానీ ఇవాళ గమనిస్తే ఏం లాభం? ఎవరు పట్టుకున్నారు తప్పు?"

"వాళ్లమ్మ," అన్నాడు సుందరరావు. "నూనె రాసే ఆవిడ."

డాక్టర్ కాడని పక్కన పెట్టి, దాని డబ్బా మీద పద్మశ్రీ పేరు రాశాడు. "సోమవారం," అన్నాడు. పద్మశ్రీ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ చేతుల వెనకనుంచి, "సార్, గా ఉంగరం నేను తీస్కపోవచ్చా? మా అమ్మకు చూపెట్టాలె," అన్న మాట వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం ఉమాపతి బయటికొచ్చి, అమృతమ్మకి అర్థమయ్యేట్టు రెండు చేతులూ సమంగా పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆమె ఆ చేతుల్ని పట్టుకుని కళ్లకద్దుకుంది. పండగ చివరి రోజు సద్దుల బతుకమ్మని ఆ ఏడు ఆసుపత్రి కిటికీ గట్టు మీదే పేర్చింది, జానెడంత. నర్సులు చుట్టూ తిరగడానికి చోటు లేక నిలబడే చప్పట్లు కొట్టారు. ఎముక గట్టిగా అతుక్కునేదాకా ఊళ్లోనే ఉండాలని తల్లి కూతుర్ని జనగామ తీసుకుపోయింది.

సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. రాష్ట్రం ఇంకా రాలేదు. మేడ మెట్లు మాత్రం నిశ్శబ్దంగా ఉన్నాయి. సుందరరావు పొద్దున్నే అలవాటుగా రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేవాడు. మొదట చేసిన తప్పు ఎముకని బల్ల పైన గోడకి తగిలించుకున్నాడు. ఎవరైనా అదేమిటని అడిగితే, "నేను కాళ్ల దగ్గర నిలబడి చూడకముందు చేసింది" అనేవాడు. అడిగినవాళ్లకి ఏమీ అర్థమయ్యేది కాదు.

జనవరిలో ఒక పొద్దున ఆయన బల్ల దగ్గర పీట కాలు చెక్కుతుంటే గేటు చప్పుడైంది. వాకిట్లో అడుగులు వినిపించాయి. టక్కు, టక్కు, టక్కు. చేతికర్ర ఆనిన చప్పుడు మధ్యలో అప్పుడప్పుడూ. ఎవరో కొత్తవాళ్లు. పోస్టుమాన్ ఇలా నడవడు. పాలావిడ అసలే కాదు.

"ఎవరండీ?" అన్నాడు తలెత్తకుండా.

"గుర్తుపట్టలేదా సార్?"

సుందరరావు చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. వాకిట్లో పద్మశ్రీ నిలబడి ఉంది, నిటారుగా. కాళ్లకి బజారులో కొన్న మామూలు చెప్పులు, రెండూ ఒకే ఎత్తువి. చేతికర్ర చంకలో పెట్టుకుని, సంచిలోంచి పాత ఎత్తు చెప్పు తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు సార్. పారెయ్యబుద్ధి కాలె."

సుందరరావు చెప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మడమ దగ్గర రబ్బరు అరిగి ఉంది. ఒక ఏడాది నడక.

"నడక ఎలా ఉందమ్మా?"

"డాక్టర్ సాబ్ కింద కూసోవద్దన్నడు. గిప్పుడు ధర్నాకు పోతే నేనొక్కదాన్నే నిలబడుతున్న. అందరు నన్నే లీడర్ అనుకుంటున్నరు."

సుందరరావు నవ్వుతూనే లేచి లోపలికి వెళ్లాడు. గ్లాసుల చప్పుడైంది.

"సార్, రెండా?" అని వరండాలోంచి అరిచింది.

"మూడు," అన్నాడాయన లోపలి నుంచి. "మీ అమ్మ ఇప్పుడే వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆవిడ అడుగులు నాకు తెలుసు. లోపలికి రమ్మను."